గోడల నడుమనున్న ఆకాశము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రంథాలయమునకు ఉత్సవము జరుగునపుడు ఊరివారి చూపు మొట్టమొదట భవనముపైననే నిలుచుట సహజము. స్థలము నిచ్చినవా రెవరు, పునాది త్రవ్విన దెప్పుడు, ద్వారబంధమునకు కలప ఎక్కడినుండి వచ్చినది, పైకప్పునకు చందాలు ఎట్లు కూడినవి అను ముచ్చటలు ఇట్టి దినమున చెప్పుకొనదగినవే. కాని ఒక క్షణము నిదానించి చూచినచో ఒక వింత గోచరించును. ఊరు కట్టినది గోడలను. వాడుకొనుచున్నది మాత్రము గోడలను గాదు, గోడల నడుమనున్న ఖాళీని. పాఠకుడు కూర్చుండునది ఆ ఖాళీలో. బల్లలు, బీరువాలు నిలిచియున్నది ఆ ఖాళీలో. ఉదయము వార్తాపత్రిక చదివి పెద్దలు చర్చించుకొను మాటలు మ్రోగునది ఆ ఖాళీలోనే. గోడలు దానికి కాపలా మాత్రమే.

ఈ భావము తెలుగువారికి క్రొత్తది గాదు. పురాణ కాలక్షేపము జరిగిన గ్రామములలో ఘటాకాశ మఠాకాశముల దృష్టాంతము వినని పెద్దలు అరుదు. కుండలోని ఆకాశము ఘటాకాశము. ఇంటిలోని ఆకాశము మఠాకాశము. వెలుపల నంతటను వ్యాపించినది మహాకాశము. కుండ పగిలినపుడు లోపలి ఆకాశము మహాకాశములో కలిసిపోవును. దానికి పుట్టుకయు లేదు, నాశమును లేదు అని వేదాంతులు చెప్పుదురు. ఆత్మను గూర్చిన ఆ సిద్ధాంతము సత్యమే యగుగాక. కాని పుట్టి పెరిగిన ఇంటిని పడగొట్టుచుండగా వీధిలో నిలిచి చూచిన గృహస్థుని మనస్సు ఆ మాటతో సమాధానపడదు. తల్లి వంటచేసిన గది, తాత కడపటి శ్వాస విడిచిన వసారా, పిల్లలు పలకలు పట్టుకొని కూర్చున్న మూల, ఇవన్నియు ఇటుకలా? ఇటుకలైనచో బండిలో పోయినవి. ఆ ఇటుకల నడుమ నుండినది ఏమైనది?

ఈ ప్రశ్ననే ఇటీవలి ముప్పది నలుబది సంవత్సరములలో పలు దేశముల శిల్పులును, చిత్రకారులును తమ కళకు విషయముగా తీసికొనిరి. పూర్వపు కళాకారులు కట్టడములను అలంకరించిరి. లేదా వాని అందమును చిత్రించిరి. వీరు చేయునది వేరు. ఇల్లు అననేమి, గది అననేమి, మనుష్యులు వెడలిపోయిన తరువాత కట్టడములో మిగులునదేమి అని వీరు విచారించి, ఆ విచారమునకు రూపము గల్పించిరి. అందు కొన్నింటిని గూర్చి చెప్పుకొనుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

అంతకు ముందు ఆంధ్రదేశము నందలి ఒక విశేషమును స్మరించుట యుక్తము. అమరావతి మహాస్తూపమును అలంకరించిన సున్నపురాతి ఫలకములలో కొన్నింటిపై ఆ కాలపు శిల్పులు స్తూపమునే చెక్కిరి. ప్రాకారము, సింహములు కూర్చున్న ద్వారములు, వరుసగా నిలిచిన 5 ఆయక స్తంభములు, పైన అండము, చుట్టును పూజించు జనులు, ఇవన్నియు ఒక్క రాతిపై కనబడును. కట్టడము తన రూపమును తన మేనిపైననే ధరించిన దన్నమాట. 18 వ శతాబ్ది చివర ఆ దిబ్బను త్రవ్వి, రాళ్లను ఇతర నిర్మాణములకు తరలించిరి. కల్నల్ మెకంజీ 1816 లో చిత్రకారులను వెంటబెట్టుకొని వచ్చి, మిగిలిన శిల్పములకు కొలతలతో చిత్రములు గీయించెను. శిల్పములలో చాలభాగము నేడు చెన్నపట్టణపు మ్యూజియములోను, లండన్ నగరపు బ్రిటిష్ మ్యూజియములోను కలవు. స్తూపము పోయినది, స్తూపము చెక్కిన రాయి మిగిలినది. పూర్వరూపము ఎట్లుండెనో నేడు పండితులు చెప్పగలుగుచున్నారన్నచో అది ముఖ్యముగా ఆ రాతి బొమ్మల వలనను, మెకంజీ గీయించిన కాగితముల వలనను. కట్టడము కూలినను దాని జ్ఞాపకమును కళ కాపాడగలదని చెప్పుటకు ఇంతకన్న దగ్గరి సాక్ష్యము అక్కరలేదు.

ఇక సముద్రము దాటి లండన్ నగరమునకు పోవుదము.

రేచెల్ వైట్‌రీడ్ అను శిల్పిని 1963 లో జన్మించెను. ఆమె పద్ధతి తెలియుటకు బెల్లము వండు చోటును తలచుకొనిన చాలును. పెనములోని పాకమును అచ్చులో పోయుదురు. అది గట్టిపడిన పిమ్మట అచ్చును తొలగింతురు. మిగిలిన బెల్లపు దిమ్మ యననేమి? అచ్చులోని ఖాళీయే గట్టిపడి నిలిచిన రూపము. వైట్‌రీడ్ ఈ పనినే చెక్క అచ్చుతో గాక గదులతో చేసెను. 1990 లో ఉత్తర లండన్‌లోని ఒక పాత ఇంటి ముందుగదిని అచ్చుగా గ్రహించి, దాని లోపలి ఖాళీని తెల్లని ప్లాస్టరుతో ముక్కలు ముక్కలుగా పోత పోసి, ఆ ముక్కలను కూర్చి నిలిపెను. దానికి ‘ఘోస్ట్’, అనగా ప్రేతము, అని పేరిడెను. ఆ గదిలో చలిమంట కొరకు గోడలో గూడు కలదు. పోతలో ఆ గూడు వెలుపలికి పొడుచుకొని వచ్చినది. ఏండ్ల తరబడి మండిన మంటల మసి ప్లాస్టరుకు అంటుకొని కనబడుచుండును. ఎవరెవరో చలి కాచుకొనిన సంవత్సరములు ఆ నల్లని మరకలో నిలిచినవి. ఈ శిల్పము ప్రస్తుతము అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని జాతీయ చిత్రశాలలో కలదు.

మూడు సంవత్సరముల తరువాత ఆమె మరింత సాహసమునకు పూనుకొనెను. తూర్పు లండన్‌లో బో అను పేటలో, గ్రోవ్ రోడ్డునందు, 19 వ శతాబ్దిలో కూలినాలి జనులకొరకు వరుసగా కట్టిన ఇండ్లుండెడివి. వానిని పడగొట్టి ఉద్యానవనము చేయదలచి స్థానిక పాలకమండలి ఒక్కొక్క ఇంటినే తీసివేయుచు వచ్చెను. ఓడరేవులో పనిచేసి విశ్రాంతి గొన్న వృద్ధు డొకడు తన ఇల్లు విడువనని పట్టుబట్టినందున, 193 నెంబరు ఇల్లు మాత్రము కడపట మిగిలెను. అతడు వేరొక ఇంటికి మారిన తరువాత, కళాసేవ చేయు ఆర్ట్ఏంజెల్ అను సంస్థ వైట్‌రీడ్ కొరకు ఆ ఇంటిని తాత్కాలికముగా వాడుకొను అనుమతిని సంపాదించెను. 1993 లో పని సాగెను. ఇంటి లోపలి గోడలపై ఇనుప అల్లిక అమర్చి, యంత్రముతో కాంక్రీటు చిమ్మిరి. అది గట్టిపడిన పిమ్మట వెలుపలి ఇటుక గోడలను, తలుపులను, కిటికీలను జాగ్రత్తగా ఊడదీసిరి. 1993 అక్టోబరు 25 నాటికి పని ముగిసెను. శిల్పమునకు ‘హౌస్’, అనగా ఇల్లు, అనియే పేరు.

చూడవచ్చిన వారికి కనబడిన దేమి? అచ్చముగా ఇంటి పరిమాణము గల ఒక బూడిదవన్నె దిమ్మ. తలుపు కలదు, తెరువరాదు. కిటికీ కలదు, తొంగిచూడరాదు. మెట్ల జాడ కలదు, ఎక్కరాదు. లోనికి గుంటగా నుండినవన్నియు వెలుపలికి పొడుచుకొని వచ్చినవి. ముందునకు పొడుచుకొని యుండినవన్నియు గుంటలైనవి. దీపపు స్విచ్చి యుండిన చోట చిన్న గుంట మిగిలెను. శతాబ్దముపాటు మనుష్యులు తిరుగాడిన ఖాళీ యంతయు రాయియై, వీధిమీద ఒంటరిగా నిలిచెను. కుండ పగిలిన తరువాతను ఘటాకాశము కరగక నిలిచినచో ఎట్లుండునో అట్లుండెను.

వేలకొలది జనులు వచ్చి చూచిరి. వారు ఏకాభిప్రాయమునకు రాలేదు. తలదాచుకొనుటకు కొంప లేనివారు ఇందరుండగా, ఎవరును నివసింపలేని ఇంటికి ఇంత వ్యయమేల అని కొందరు ఆగ్రహించిరి. పేదల బ్రతుకులకు ఎవరును కట్టని స్మారకము ఇది యని కొందరు కన్నులు తడిచేసికొనిరి. ఎవరో ఆ దిమ్మమీద రంగుతో ‘ఎందుకు?’ అని వ్రాయగా, మరియొకరు ‘ఎందుకు కాదు?’ అని బదులు వ్రాసిరి. 1993 నవంబరు 23 వ తేదీన ఆ శిల్పినికి 20 వేల పౌన్ల టర్నర్ బహుమతి లభించెను. ఆ బహుమతి పొందిన మొదటి స్త్రీ ఆమెయే. ఆ దినముననే వేరొక బృందము ఆమెను ఆ సంవత్సరపు అధమ కళాకారిణిగా ప్రకటించి, దానికి రెట్టింపుగా 40 వేల పౌన్లు ఇచ్చినది. ఆ దినముననే స్థానిక పాలకమండలి, గడువు పొడిగింప బనిలేదు, పడగొట్టవలసినదే యని తీర్మానించినది. 1994 జనవరి 11 న యంత్రములు వచ్చి ఆ ఇంటిని నేలమట్టము చేసినవి. నేడచట పచ్చిక మాత్రమే కలదు.

పాలకమండలిని దూషించుట సులభము. అనుమతి తాత్కాలికమే యనునది మొదటినుండియు అందరికిని తెలిసిన విషయము. కాని ఇచట గమనింపవలసినది వేరొకటి. ఆ వరుసలోని తక్కిన ఇండ్లు కూలినపుడు లోకము పట్టించుకొనలేదు, పత్రికలు వ్రాయలేదు. ఒక్క ఇంటి ఖాళీని కంటికి కనబడునట్లు చేయగా, కూలిన ఇండ్లన్నియు ఒక్కమారుగా జ్ఞాపకమునకు వచ్చినవి. అంతకుమునుపు ఆ ఇల్లు ఉండెను గాని దానిని ఎవరును చూడలేదు. పోయిన తరువాతనే చూచిరి. కళ చేయగల మేలు ఇట్టిదే. అది లేనిదానిని పుట్టింపకపోవచ్చును, ఉన్నదానిని చూపును.

ఇంటిని విడిచి పోవువారి బాధ వేరు. ఇల్లు కూలదు, దాని యజమానియే దూరమగును. కొరియా దేశపు రాజధాని సియోలులో 1962 లో జన్మించిన డో హో సూ అను శిల్పి అట్టివాడు. అతని తండ్రి సూ సె ఓక్ ప్రసిద్ధ చిత్రకారుడు. ఆయన రాజప్రాసాదపు ఆవరణలోని ఒక పండిత గృహమును ఒరవడిగా గ్రహించి, సంప్రదాయ పద్ధతిలో తన ఇంటిని కట్టించుకొనెను. కుమారుడు 1991 లో చదువుకొరకు అమెరికా చేరెను. అచట నిద్రపట్టని రాత్రులలో అతనికి చిన్ననాటి ఇల్లు జ్ఞాపకము వచ్చుచుండెడిది. ఆ ఇంటిని వెంట తెచ్చుకొనుట ఎట్లు? అతడు సియోలునకు పోయి, తండ్రిగారి ఇంటిని గోడ గోడయు, కిటికీ కిటికీయు కొలిచి, లేత పచ్చని పట్టుబట్టతో ఆ ఇంటి రూపమును అదే పరిమాణములో కుట్టించెను. 1999 లో పూర్తియైన ఈ పట్టు ఇల్లు పైకప్పునుండి వ్రేలాడుచుండును. గాలికి కదలును, గోడలగుండ అవతలి మనుష్యులు కనబడుదురు. మడిచినచో పెట్టెలో పట్టును! ఏ నగరములో ప్రదర్శింపబడినను, ఆ నగరపు పేరు శిల్పము పేరునకు చేరుచుండును. తరువాత 2013 లో సియోలునందలి జాతీయ కళాశాలలో అతడు మరియొక బట్ట కట్టడమును నిలిపెను. అమెరికాలో తాను మొదట నివసించిన మూడంతస్తుల ఇల్లు వెలుపల, తండ్రిగారి ఇల్లు దాని లోపల. రెండును నిజమైన పరిమాణములోనే. మనుష్యుడు ఏ దేశపు ఇంట నివసించినను ఆ ఇంటిలోపల పుట్టిన ఇల్లొకటి వ్రేలాడుచునే యుండునని దాని భావము.

అతని మరియొక పని పిల్లలకు సైతము సులువుగా తెలియును. నాణెముపై పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్దగా, నాణెము మీది బొమ్మ కాగితముపై తేలుట బడిపిల్లలకు ఆటయే కదా! అతడు న్యూయార్కు నగరములో చాలకాలము అద్దెకుండిన ఇంటి లోపలి భాగమునంతయు కాగితముతో కప్పి, రంగు పెన్సిళ్లతో రుద్దెను. తలుపు పిడి, గోడ పగులు, స్విచ్చి, పొయ్యి, అన్నియు కాగితముమీదికి ఎక్కినవి. వ్రేళ్లతో తడిమి తడిమి ఇంటికి వీడ్కోలు చెప్పుట యది. హైదరాబాదునకు, బొంబాయికి, గల్ఫు దేశములకు, అమెరికాకు పిల్లలను పంపి, తాళము వేసిన గదులను అప్పుడప్పుడు ఊడ్చుకొను తల్లిదండ్రులు గల గ్రామములలో ఈ శిల్పి హృదయమునకు వ్యాఖ్యానము అక్కరలేదు.

ఇల్లు విడుచుట ఒకరి ఇష్టముతో గాక చరిత్ర బలవంతముతో జరిగినచో? దీనికి భారతదేశముననే యొక నిదర్శనము కలదు. జరీనా అను కళావతి 1937 లో అలీగఢ్‌లో జన్మించెను. ఆమె తండ్రి అచటి ముస్లిం విశ్వవిద్యాలయములో చరిత్రాచార్యుడు. ఆమె గణితశాస్త్రము చదివి, పిమ్మట పారిస్‌లో అచ్చుచిత్రముల కళ నభ్యసించి, న్యూయార్కులో చాలకాలము నివసించి, 2020 లో లండన్‌లో మరణించెను. దేశవిభజన జరిగిన కొన్నేండ్లకు ఆమె తల్లిదండ్రులు పాకిస్తానునకు వలసపోయిరి. పుట్టినిల్లు ఒక దేశమున, పుట్టింటివారు మరియొక దేశమున ఐరి. 1994 లో ఆమె తండ్రిగారి ఇంటి చిత్రమును ముద్రించెను. అందు ముఖద్వారము లేదు, పూలతోట లేదు, మనుష్యులు లేరు. మేస్త్రీ కాగితముపై గీయునట్టి ఇంటి నక్షా మాత్రమే కలదు. గదులకు ఉర్దూలో పేర్లు వ్రాయబడియున్నవి. ఇల్లు లేకున్నను గదుల పేర్లు పలికినచో వాని నడుమ నడచినట్లే యగునని ఆమె యనుభవము కాబోలు.

1999 నాటి ఆమె కృతి యొకటి మరింత ప్రసిద్ధము. గృహమే పరదేశమైనదను అర్థము వచ్చు పేరు గల ఆ వరుసలో 36 కఱ్ఱచెక్కడపు అచ్చుచిత్రములు కలవు. ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క ఉర్దూ మాట: గడప, తలుపు, ముంగిలి మొదలైనవి. చిత్రములో కొన్ని నల్లని గీతలు మాత్రమే యుండును. రెండు గీతలు కలిసిన చోట గడప; నాలుగు గీతల నడుమ ముంగిలి. గణితము చదివిన చేయి గీసిన గీతలు గాని, కన్నీరు లేని గీతలు గావు. 2001 లో ఆమె చేసిన వేరొక చిత్రములో ఒక్కటే వంకరటింకర గీత కలదు. అది భారత పాకిస్తానుల సరిహద్దు. ఇంటి గోడయు గీతయే, దేశపు సరిహద్దును గీతయే. ఒక గీత మనుష్యులను లోపల దాచి రక్షించును. మరియొక గీత మనుష్యులను వేరుచేసి బాధించును. చెప్పకయే ఆమె చెప్పిన మాట ఇది.

గ్రంథాలయోత్సవమున గ్రంథాలయమును గూర్చిన శిల్పములను చెప్పక విడువరాదు. అట్టివి రెండు ఐరోపాలో కలవు. రెండును ఖాళీని గూర్చినవే.

1933 మే 10 వ తేదీ రాత్రి బెర్లిన్ నగరములో, విశ్వవిద్యాలయమున కెదుటనున్న బహిరంగ స్థలములో, నాజీ పక్షపు విద్యార్థులు దాదాపు 20 వేల పుస్తకములను కుప్పవోసి తగులబెట్టిరి. యూదులు వ్రాసినవి, శాంతిని కోరినవారు వ్రాసినవి, ప్రభుత్వమునకు రుచింపనివారు వ్రాసినవి అన్నియు మంటపాలైనవి. మంత్రి గోబెల్సు వచ్చి అచట ఉపన్యసించెను. పుస్తకములను కాల్చినవారు చదువురానివారు గారు, విశ్వవిద్యాలయ విద్యార్థులు. గ్రంథాలయాభిమానులు మరువరాని సంగతి యిది. ఆ స్థలముననే 1995 లో మీకా ఉల్మన్ అను ఇజ్రాయెలీ శిల్పి ఒక స్మారకమును నిర్మించెను. అతని తల్లిదండ్రులు జర్మనీని విడిచి వలసపోయిన యూదులు. ఆ స్థలములో విగ్రహము లేదు, స్తంభము లేదు. నడచుచుండగా కాలిక్రింద అద్దపు పలక యొకటి కనబడును. వంగి చూచినచో నేలలోపల తెల్లని గది. నాలుగు గోడలకును తెల్లని పుస్తకపు అరలు. 20 వేల పుస్తకములు పట్టునట్టి అరలు. ఒక్క పుస్తకమును లేదు. లోనికి దిగుటకు మెట్లు లేవు. దగ్గర నమర్చిన ఫలకముపై, ఆ మంటలకు నూరేండ్లకు పైగా ముందే హైన్రిహ్ హైనె అను కవి వ్రాసిన హెచ్చరిక చెక్కబడియున్నది. చీకటిపడిన పిమ్మట ఆ గదిలోని దీపపు వెలుగు మాత్రము నేలలోనుండి పైకి వచ్చుచుండును.

రెండవది ఆస్ట్రియా రాజధాని వియన్నాలో కలదు. దానిని రచించినది ముందు చెప్పిన రేచెల్ వైట్‌రీడే. నాజీలు హతమార్చిన 65 వేల ఆస్ట్రియా యూదులకు స్మారకముగా అది 2000 సంవత్సరము అక్టోబరు 25 న ఆవిష్కరింపబడెను. ఆ స్థలమున క్రింద 1421 లో ధ్వంసమైన యూదుల ప్రార్థనామందిరపు పునాదులు బయల్పడినందునను, చుట్టుపట్లవారు అభ్యంతరములు చెప్పినందునను పని కొన్నేండ్లు ఆలస్యమాయెను. 10 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 3.8 మీటర్ల ఎత్తు గల కాంక్రీటు గది యది. వెలుపలి గోడలన్నియు పుస్తకపు అరలే. కాని పుస్తకముల వీపులు లోపలివైపునకు తిరిగియున్నవి. చూపరులకు కాగితపు అంచులు మాత్రమే కనబడును. ఏ పుస్తకము పేరేమో, వ్రాసినవారెవరో తెలియదు. ముందు జంట తలుపు కలదు; దానికి పిడి లేదు. చదువబడకుండ పోయిన పుస్తకముల వంటివే జీవింపబడకుండ పోయిన జీవితములు. వాని పేర్లు లోకమునకు వీపు త్రిప్పుకొని నిలిచినవి.

ఇచట ఒక శంక పుట్టవచ్చును. ఇది యంతయు కళయేనా? అజంతా చిత్రములలోని లావణ్యము, లేపాక్షి శిల్పములలోని నైపుణ్యము ఇందేవి? కాంక్రీటు పోయుట మేస్త్రీ పని, బట్ట కుట్టుట దర్జీ పని, నక్షా గీయుట ఇంజనీరు పని గదా! ఈ శంక న్యాయమైనదే. ఈ శైలిలో చేసినదెల్ల గొప్పదని చెప్పుట సాహసము. వింతకొరకు వింత చేయువారును కలరు. వారి పనులు కాలక్రమమున మరుగున పడును. కాని పైని చెప్పిన కృతులను నిలిపినది చేతి నైపుణ్య మొక్కటే గాదు. ఏమి చేయవలెనో, ఏమి చేయక విడువవలెనో ఎరిగిన వివేకము. బెర్లిన్ శిల్పి ఆ గదిలో ఒక్క పుస్తకము నుంచినచో దాని బలమంతయు పోయెడిది. వియన్నా తలుపునకు పిడి యొకటి అమర్చినచో అది వట్టి గది యయ్యెడిది. చాయాచిత్రము చాలదా అని మరియొక ప్రశ్న. చాయాచిత్రము ఇంటి ముఖమును చూపును. ఇంటి పరిమాణమును మేనికి తెలుపలేదు. గదియంత ఖాళీ ఎదుట నిలిచినపుడు మనుష్యుడు తన ఎత్తుతో దానిని కొలుచుకొనును. అపుడే ఆ గదిలో బ్రతికినవారు తనవంటి వారే యని తోచును.

ఈ దూరదేశపు సంగతులవలన గ్రామమునకు ప్రయోజనమేమి? ప్రయోజనము కలదు; అది చేతనగు పనియు.

గ్రామములలో పాత ఇండ్లు త్వరత్వరగా పోవుచున్నవి. మండువా లోగిళ్లు, పెంకుటిండ్లు, మట్టిమిద్దెలు పడి, వాని స్థానమున శ్లాబు ఇండ్లు లేచుచున్నవి. దీనిని తప్పుపట్టుట తగదు. వాన కురియని కప్పు, గాలి వచ్చు కిటికీ, ఇంటిలోనే మరుగుదొడ్డి ప్రతివారికిని కావలసినవే. కూలుచున్న దూలముక్రింద పిల్లలను పడుకొనబెట్టి ప్రాచీనతను కాపాడుమని ఎవరును చెప్పరాదు. కాని ఇల్లు పోవునపుడు మాటలు కూడ పోవుచున్నవి. వీధి అరుగు, చావడి, నడవ, పంచపాళి, పడమటిల్లు, దొడ్డి వసారా, అటక, చూరు, గూడు, ఈ మాటలలో కొన్నింటి అర్థము నేటి బడిపిల్లలకు తెలియదు. మాట పోయినచో ఆ మాటక్రింద జరిగిన బ్రతుకును పోవును. అరుగు లేని వీధిలో బాటసారికి కూర్చుండుటకు చోటేది?

కావున గ్రంథాలయము ఈ రజతోత్సవ సంవత్సరమున ఒక పని పూనుకొనదగును. ఊరిలో ఏ పాత ఇల్లైనను పడగొట్టుటకు ముందు, ఇంటివారి అనుమతితో, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు కొలత టేపుతో పోయి, ఆ ఇంటి నక్షాను కాగితముపై గీయవలెను. ప్రతి గదికి ఆ ఇంటివారు వాడిన పేరునే వ్రాయవలెను. ఏ గదిలో ఎవరు పుట్టిరి, పండుగనాడు పీటలు ఎచట వేసిరి, వరద వచ్చిననాడు నీరు ఎంతవరకు లేచెను, ఇట్టివి ఇంటి పెద్దలను అడిగి ప్రక్కన వ్రాయవలెను. వీలున్నచో ద్వారబంధపు చెక్కడమును, గడపమీది గుర్తులను పలుచని కాగితముపై పెన్సిలుతో రుద్ది తీయవలెను. ఇందుకు కావలసినది కాగితము, పెన్సిలు, టేపు, ఓపిక, అంతే. మెకంజీ అమరావతిలో చేయించినది, జరీనా అలీగఢ్ ఇంటికి చేసినది, డో హో సూ అద్దె ఇంటికి చేసినది ఇదియే. ఇట్లు చేరిన కాగితములు ఒక బీరువాలో ఒక అరను నింపినను, ఆ అర ఏ కొనుగోలు పుస్తకమునకును తీసిపోదు. మరియొక ఇరువదియైదేండ్లకు ఊరి చరిత్ర వ్రాయువారు మొదట తెరువబోవునది దానినే.

కడపట ఒక్క మాట. గ్రంథాలయమునకు భవనము అవసరమే గాని భవనమే గ్రంథాలయము గాదని ఆంధ్ర గ్రంథాలయోద్యమము మొదటినుండియు ఎరుగును. 1935 లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవలో నింపి కృష్ణా కాలువపై ఊరూరికి పంపిరి. ఆ గ్రంథాలయమునకు పునాదియు లేదు, గోడయు లేదు; పడవ ఆగిన రేవే పఠనమందిరము. అచట పుస్తకమును, దానిని పట్టుకొను చేయియు నుండినవి గావున అది గ్రంథాలయమైనది. బెర్లిన్ గదికి గోడలు, అరలు అన్నియు కలవు. చదువువాడు లేడు గావున అది సమాధియైనది. వియన్నా తలుపునకు పిడి లేకుండుట శోకచిహ్నము. ఊరి గ్రంథాలయపు తలుపునకు పిడి కలదు. దానిని త్రిప్పు చేతులు కరువైనచో, ఏ శత్రువును నిప్పు పెట్టనవసరము లేకయే, ఈ గదియు పిడి లేని గదితో సమానమగును.

ఇరువదియైదేండ్ల క్రిందట పెద్దలు గోడలు కట్టి, వాని నడుమ కొంత ఆకాశమును ఊరికి అప్పగించిరి. దానిని దినదినమును నింపుకొనుట ఊరివారి వంతు. సాయంకాలము దీపము వెలిగినపుడు ఒక్క విద్యార్థి వచ్చి ఒక్క పుస్తకము విప్పినను, ఆనాడు ఆ మఠాకాశము ఖాళీ గాదు.